మళ్ళీ సున్నా కోణానికి

మా ఇంట్లో మాటలు ఆగిపోయి చాన్నాళ్ళయింది. ఆఫీసులో మాత్రం మేమిద్దరం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకుంటూనే ఉంటాం. మా ఆయన వాల్వు క్యాబిన్‌లో, నేను ప్రోబుల గదిలో. మధ్యన రెండు మందపాటి గోడలు, వాటిని దాటి వెళ్ళే ఒక ఇంటర్‌కమ్ లైను.

"వాల్వు, సిద్ధమా?" అంటాను నేను.

"సిద్ధం" అంటారాయన.

క్షణం ఆలస్యం ఉండదు. గొణిగినట్టు అడిగినా సరే, ఠకీమని జవాబు వస్తుంది. అదే మనిషిని ఇంట్లో పేపరు చదువుతుండగా పిలిస్తే తలెత్తరు. భోజనానికి రమ్మంటే రారు, కంచం ముందు పెడితే తింటారు. బజారుకి కలిసి వెళ్తే కుదురుగా ఒక పక్కన నడవరు, అస్తమానం నా కుడిపక్కకి వచ్చి చేరతారు, కాళ్ళకి అడ్డంపడుతూ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు.

"ఇంట్లో కూడా ఒక ఇంటర్‌కమ్ పెట్టించుకోరాదూ" అన్నాడు కంప్రెసర్ బాబాయ్ ఒకసారి, నేను విసుక్కుంటుంటే. బాబాయ్ మాకు బంధువేమీ కాదు. ట్యాంకుల్లోకి గాలి నింపే కంప్రెసర్లు ఆయన చేతిలో ఉంటాయి. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నన్ను "అమ్మాయ్" అని పిలుస్తాడు, ఆ వరసన మా ఆయన్ని "అల్లుడూ" అంటాడు. లైను మీద మేం ముగ్గురమే. నాలుగో చెవి ఒకటుంది, పెద్దసారు గదిలో స్పీకరు. ఆయన ఆ స్పీకరు వేసుకుంటే మా ముగ్గురి బల్లల మీదా చిన్న ఎర్రదీపం వెలుగుతుంది. దీపం వెలిగితే బాబాయ్ జోకులు మానేస్తాడు.

మాది గాలిసొరంగం. మేం టన్నెల్ అంటాం. పెద్ద పెద్ద ట్యాంకుల్లోకి గంటసేపు గాలిని కుక్కి కుక్కి నింపి, ఒక్కసారిగా వాల్వు తీస్తే ఆ గాలి ఇనుప గొట్టంలోంచి ధ్వని కన్నా వేగంగా దూసుకుపోతుంది. నిమిషం నిండేలోపు ట్యాంకు ఖాళీ, ఆ నిమిషాన్నే రన్ అంటాం. మళ్ళీ గంట నింపాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, ఆ పని మేం రోజూ చేస్తాం, దానికి జీతం కూడా ఇస్తారు.

ఆ నిమిషంలోనే నా పని జరగాలి. ప్రోబ్ అంటే ఒక ఉక్కు పుల్ల. మొనలో కంటికి ఆనీ ఆనని రంధ్రాలు అయిదు. నడిమధ్యన ఒకటి, పైన, కింద, అటు, ఇటు. ఒక్కో రంధ్రం వెనక వెంట్రుకంత సన్నటి గొట్టం, ఆ గొట్టం చివర ఒత్తిడి కొలిచే మీటరు. గాలి సూటిగా వస్తే చుట్టూ ఉన్న నాలుగు రంధ్రాలూ ఒకే అంకె చెప్పాలి. ఏటవాలుగా వస్తే ఒకటి ఎక్కువ చెప్తుంది, దానికి ఎదుటిది తక్కువ చెప్తుంది. దాన్నిబట్టి గాలి ఎటునుంచి వస్తోందో, ఎంత జోరుగా వస్తోందో తెలుస్తుంది.

అయితే నిక్కచ్చిగా పుట్టిన ప్రోబును నేనింతవరకు చూడలేదు. మనిషినీ చూడలేదనుకోండి. ఒక రంధ్రం రవ్వంత పక్కకి పడుతుంది, ఒక మొన రవ్వంత వంగుతుంది. అందుకని ప్రతి ప్రోబునీ మాకు తెలిసిన గాలిలో పెట్టి, తెలిసిన కోణాలకి వంచి, ఏ కోణంలో ఏం చెప్తోందో రాసుకుంటాం. క్యాలిబ్రేషన్ అంటే అంతే. ప్రోబును బాగుచెయ్యం, దాని వంకరని తెలుసుకుంటాం. వంకర ఉంటే ఏమీ నష్టం లేదు. రోజుకో వంకర పోయేదాంతోనే చావు.

అది తెలియడానికి మాకొక పద్ధతుంది. మొదట ప్రోబును సూటిగా, సున్నా కోణంలో పెట్టి అంకె తీసుకుంటాం. తర్వాత అన్ని కోణాలూ తిప్పుతాం. అంతా అయ్యాక మళ్ళీ సున్నా కోణానికి తెచ్చి, మొదట అడిగిందే మళ్ళీ అడుగుతాం. మొదట చెప్పిందే చెప్పిందా, సరే. వేరే చెప్పిందా, ఆ రన్ మొత్తం చెత్తబుట్టలోకి. చిన్న తేడానే కదా అని వదిలెయ్యడానికి లేదు.

అప్పుడు నా బల్ల మీదున్న ప్రోబు వారం రోజులుగా చెత్తబుట్టని నింపుతోంది. దాని కింది రంధ్రం మొదటొకటి చెప్తుంది, తిరిగొచ్చాక ఇంకొకటి చెప్తుంది. ప్రోబు కోసం ఎదురుచూసే వాళ్ళు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫోన్ చేస్తున్నారు. నాకు దాని మీద కోపం కూడా రావడం మానేసింది. చెప్పొద్దూ, నాకు అన్నిటి మీదా ఓపిక అయిపోయింది.

ఆ రోజు పొద్దున వరండాలో పెద్దసారు ఎదురయ్యారు.

"ఏమ్మా, ఏం తేల్చుకున్నావు? సాయంత్రంలోగా నేను వాళ్ళకి మాట ఇవ్వాలి."

"సాయంత్రం చెప్తాను సార్" అన్నాను.

ఇంకో ఊళ్ళో, బాగా దూరంలో, కొత్త టన్నెల్ కడుతున్నారు. క్యాలిబ్రేషన్ గది మొత్తం నా చేతికిస్తామన్నారు. ఉండడానికి ఇల్లు కూడా ఇస్తారు, ఒక మనిషికి సరిపోయే ఇల్లు. రెక్కలు ముక్కలు చేసుకుని పనిచేసినందుకు ఎవరైనా ఎగిరి గంతేసే అవకాశమే. నేను మాత్రం దాన్ని ఉద్యోగంగా చూడలేదు, తలుపుగా చూశాను. ఆ తలుపులోంచి వెళ్తే మళ్ళీ ఆ ఇంటికి రానని నాకు తెలుసు. మా ఆయనకి తప్ప ఇంకెవరికీ ఆ ముక్క చెప్పలేదు. ఆయనకి చెప్పాను, జవాబు రాలేదు.

అది జరిగింది వంటింట్లో. నేను సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతున్నాను. ఆయన వెనకాల బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నారు. మొహం చూస్తూ చెప్పేంత ధైర్యం లేక, వెనక్కి తిరగకుండానే మొదలుపెట్టాను. కొత్త ఊరు, కొత్త గది, ఒంటరి ఇల్లు, అన్నీ చెప్పాను. ఇన్నేళ్ళుగా పిలిస్తే పలకని మనిషితో కాపురం చేసి నీరసం వచ్చేసిందని కూడా చెప్పాను. ఆఖరికి, "నేను వెళ్ళిపోతే మీకేమైనా ఇబ్బందా?" అని అడిగాను.

కుర్చీ జరిగిన చప్పుడయింది. తిరిగి చూస్తే ఆయన పేపరు చంకలో పెట్టుకుని బాల్కనీలోకి వెళ్తున్నారు. గ్లాసు బల్ల మీదే ఉంది. నేను కొళాయి కట్టేసి ఆ గ్లాసు కూడా కడిగాను. ఆ రాత్రి నాకు ఏడుపు రాలేదు, దానికే నాకు భయమేసింది.

తర్వాత రోజుల్లో ఆయన ఇంకా ముభావంగా తయారయ్యారు. మా అత్తగారికి ఏదో తేడా తెలిసింది. ఆవిడది పెద్ద గొంతు, తలుపు తీస్తే వీధి చివరి దాకా వినపడుతుంది.

"వాడంతేనమ్మా, నా కడుపులో ఉన్నప్పుడు కూడా తన్నేవాడు కాదు. ఉన్నాడో లేడో అని నేనే పొట్ట మీద తట్టి చూసుకునేదాన్ని" అన్నారు నాతో. తర్వాత ఆవిడ కేకేస్తే మాత్రం ఆయన వెంటనే లేచి వెళ్ళారు. తల్లి మాటంటే చెవి కోసుకుంటారు, పెళ్ళాం మాట మాత్రం పెడచెవిన పెడతారు అనుకున్నాను.

ఇంత కథా మనసులో పెట్టుకుని ఆ రోజు మధ్యాహ్నం రన్ మొదలుపెట్టాను.

"వాల్వు, సిద్ధమా?"

"సిద్ధం."

"వదలండి."

గోడ అవతల టన్నెల్ గర్జించింది. ఇంత మందపాటి గోడ ఇవతల కూర్చున్నా, పళ్ళు జిల్లుమంటాయి. ప్రోబును పట్టుకున్న ఉక్కు చెయ్యి ఒక్కో కోణానికీ వంగింది, ఆగింది, మళ్ళీ వంగింది. అంకెలు వరసగా పడ్డాయి. ఆఖరుకి సున్నా కోణానికి వచ్చింది. గాలి ఆగింది. నేను మొదటి అంకె, చివరి అంకె పక్కపక్కన పెట్టి చూశాను. కింది రంధ్రం మళ్ళీ మాట మార్చింది.

"ఏమంటోందమ్మాయ్ నీ మహాతల్లి?" అన్నాడు బాబాయ్.

"పాత పాటే బాబాయ్. మళ్ళీ నింపండి."

"నింపుతా. కుక్క తోక వంకర పోగొట్టాలంటే గొట్టంలో పెట్టాలంటారు, మనమేమో ఏకంగా టన్నెల్లో పెట్టాం. అయినా పోలేదు."

మా ఆయన నవ్వలేదు. లైను మీద ఆయన జోకులకి నవ్వరు, అవసరమైన మాటలకే పలుకుతారు.

ట్యాంకు నిండేలోపు నాకొక అనుమానం తీరాల్సి ఉంది. తప్పు ప్రోబుదా, గాలిదా? రన్ మొదట్లోనూ చివర్లోనూ గాలి ఒకే జోరుగా రాకపోతే ఏ ప్రోబయినా ఏం చేస్తుంది? గాలి జోరు ఎలా ఉందో గీసే గ్రాఫు వాల్వు క్యాబిన్‌లో ఉంటుంది. లైను మీద అడగొచ్చు. కానీ ఆ గ్రాఫును నా కళ్ళతో చూడాలనిపించింది. లేచి వెళ్ళాను.

క్యాబిన్‌లో ఆయన లేరు. టీకి వెళ్ళినట్టున్నారు. కుర్చీ వెనక్కి జరిగి ఉంది, తెరిచిన క్యారేజీ పక్కన చెంచా తుడిచి పెట్టి ఉంది. గ్రాఫు చూశాను. గీత సాఫీగా, ఇందాకటి రన్ పొడుగూతా ఒకే ఎత్తున వెళ్ళింది. ఆయన చేతిపనికి వంక పెట్టడానికి లేదు. నేను వెనక్కి తిరగబోతుంటే బల్ల మీదున్న ఆయన హెడ్‌ఫోన్లోంచి బాబాయ్ గొంతు వినపడింది. "వాల్వు, సగం నిండింది" అంటున్నాడు. బల్ల మీద పడున్న హెడ్‌ఫోన్లోంచి, నిలబడి ఉన్న నాకు మాట మాటా వినపడింది. అప్పుడైనా నాకు అర్థం కావాల్సింది. కాలేదు. జవాబు చెబుదామని తీసి చెవులకి పెట్టుకున్నాను.

"అల్లుడూ, ఉన్నావా?"

చెవిలో టపాకాయ పేలినట్టయింది. హెడ్‌ఫోను లాగి పడేశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెవి పట్టుకుని కాసేపు ఆ బల్లకి ఆనుకుని నిలబడ్డాను.

తర్వాత చూశాను. హెడ్‌ఫోను వైరు పక్కనే శబ్దం పెంచే నాబు ఉంటుంది. అది ఇక తిరగదు అన్నంత దూరం తిప్పి ఉంది. అక్కణ్ణించి ఎవరూ పొరపాటున కూడా కదపకుండా దాని మీద నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. టేపు అంచులు అరిగి, దుమ్ము పట్టి ఉన్నాయి. నిన్న మొన్న చుట్టింది కాదు.

బూట్ల చప్పుడు వినపడితే తలుపు పక్కకి, బీరువా వెనక్కి తప్పుకున్నాను. ఎందుకు దాక్కున్నానో నాకు తెలియదు. ఆయన వచ్చి, నన్ను చూడకుండానే కుర్చీలో కూర్చుని, మీటర్ల వైపు చూస్తున్నారు. హెడ్‌ఫోను ఇంకా పెట్టుకోలేదు.

"ఏమండీ" అన్నాను. ఇంట్లో పిలిచే గొంతుతోనే.

ఆయన మీటరు ముల్లు చూస్తున్నారు.

ఒక అడుగు ముందుకేసి, ఆయన కుడిపక్కగా నిలబడి, "ఏమండీ, గాలి బాగానే ఉంది" అన్నాను. మామూలుగా ఎవరైనా ఉలిక్కిపడేంత దగ్గర్లో ఉన్నాను. ఆయన చెయ్యి చాచి పెన్సిలు తీసుకుని మీటరు అంకె రాసుకున్నారు. ఎడమపక్కకి వెళ్ళి మళ్ళీ పిలిచాను. అప్పుడు తల తిరిగింది.

"నువ్వా? ఎప్పుడొచ్చావు?" అన్నారు. ఆయన చూపు నా కళ్ళ మీద లేదు, నా పెదవుల మీద ఉంది. ఎన్నాళ్ళుగా అలా చూస్తున్నారో, నేను మాత్రం ఆ చూపుని ఎన్నడూ చూడలేదు.

"ఇప్పుడే. గాలి నిలకడగా ఉందో లేదో చూద్దామని."

"నిలకడగానే ఉంది. నా వాల్వుకేం రోగం లేదు. నీ ప్రోబునే అడుగు" అంటూ హెడ్‌ఫోను పెట్టుకున్నారు.

వరండాలోకి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. జాలి కాదు, నిజంగా చెప్తున్నాను, కోపం. ఇన్నేళ్ళ కాపురంలో నేను పిలిచిన పిలుపులన్నీ లెక్కకొచ్చాయి. నేను గోడకి చెప్పుకున్నానన్నమాట. చెవి వినపడట్లేదని ఒక్క మాట చెప్తే ఆయన సొమ్మేం పోయేది? ఎవరికి చెప్పకపోయినా నాకు చెప్పొద్దూ? కొత్త క్యాబిన్ కట్టక ముందు ఆయన టన్నెల్ గొట్టం పక్కనే నిలబడి చేత్తో వాల్వు చక్రం తిప్పేవారు, చెవుల్లో దూది కుక్కుకుని. ఆ దూదిని చూసి నేను నవ్వేదాన్ని.

ఎందుకు చెప్పలేదో కూడా నడుస్తుంటే తెలిసింది. టన్నెల్ ఉన్న హాల్లో ప్రమాద గంట మోగితే చెవితో విని వాల్వు ముయ్యగలిగిన మనిషే ఆ కుర్చీలో కూర్చోవాలి. అది ఇక్కడ రాసిపెట్టిన నియమం. చెవి పోయిందని తెలిసిన క్షణాన ఆ కుర్చీ పోతుంది. ఆ కుర్చీ లేకపోతే ఆయనకి వాల్వు తిప్పే ఆ చెయ్యి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. రన్‌లకి బాధ్యత నాది కాబట్టి, ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపాల్సింది కూడా నేనే. వెంటనే లేపాలి.

గదిలోకి వచ్చి కూర్చున్నాను. చేతులు ఊరికే ఉండవు కదా, రన్ అవ్వగానే ఊడదీసి తెచ్చిన ప్రోబును చేతిలోకి తీసుకున్నాను. మొనకి రబ్బరు టోపీ పెట్టి, చేతి పంపుతో గాలి కొడితే అయిదు రంధ్రాల్లోకీ ఒకే ఒత్తిడి వెళ్తుంది. లీకేజీ ఉందేమోనని రన్‌కి ముందు రోజూ చేసే పరీక్షే. పంపు కొట్టి, వెళ్ళి టీ తెచ్చుకుని, తిరిగొచ్చి అంకెలు చూస్తాం. అయిదూ సమానంగా నిలబడి ఉంటే లీకు లేదని సంతకం పెడతాం. వారం రోజులుగా రోజూ పెడుతూనే ఉన్నాను.

ఈసారి టీకి వెళ్ళలేదు. వెళ్ళే ఓపిక లేదు. పంపు కొట్టి అలా అంకెల్నే చూస్తూ కూర్చున్నాను. నాలుగు అంకెలు గబుక్కున ఎగబాకి నిలబడ్డాయి. అయిదోది, కింది రంధ్రంది, ఎక్కుతోంది. కాస్త ఆగుతుంది, కాస్త ఎక్కుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి మెట్లెక్కినట్టు ఎక్కి, ఎక్కి, చిట్టచివరికి మిగతా నాలుగింటి పక్కకి వచ్చి నిలబడింది. నలుసంత తప్పు కూడా లేదు.

దాని గొట్టంలో ఏదో నలుసు అడ్డుపడింది. గాలి పూర్తిగా ఆగలేదు, మెల్లగా వెళ్తోంది. అది అబద్ధం చెప్పట్లేదు. అది చెప్పేలోపే నేను ఉక్కు చేతిని తర్వాతి కోణానికి తిప్పేస్తున్నాను. ఎంత ఎక్కిందో చూశాను గానీ, ఎంతసేపటికి ఎక్కిందో ఒక్కనాడూ చూడలేదు.

బల్ల మీద ఎర్రదీపం వెలిగింది. పెద్దసారు స్పీకరు వేసుకున్నారు. సాయంత్రం దగ్గరపడుతోంది.

నా దగ్గర ఇంకొక దారి లేదు. ఇంట్లో అడిగితే ఆయనకి వినపడదు. క్యాబిన్‌కి వెళ్ళి మొహాన అడిగితే నా పెదవుల్లోంచి సగం ఏరుకుని, మిగతా సగం ఊహించుకుని ఏదో అంటారు. నా గొంతు ఆయనకి పూర్తిగా చేరే చోటు ఈ ప్రపంచంలో ఒకటే ఉంది, అది ఇంకో ఇద్దరు వినే లైను. సిగ్గుగానే ఉంది. అయినా బటను నొక్కాను.

"వాల్వు."

"సిద్ధం. ట్యాంకు ఇంకా నిండలేదు."

"గాలి కోసం కాదు. ఇంతకు ముందొకసారి ఒక మాట అడిగాను. మళ్ళీ అదే అడుగుతున్నాను."

"అడుగు."

"నేను వెళ్ళిపోతే మీకేమైనా ఇబ్బందా?"

లైనులో కంప్రెసర్ల హోరు సన్నగా వినపడుతోంది. బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. మామూలుగా అయితే ఈపాటికి నేను హెడ్‌ఫోను తీసి పక్కన పెట్టి ఉండేదాన్ని. తియ్యలేదు. ఎంతసేపైనా ఆగుదామనుకుని బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

"ఇది ఎప్పుడడిగావు నువ్వు?" అన్నారు చాలాసేపటికి.

"వంటింట్లో. గిన్నెలు తోముతూ. మీరు పేపరు తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు."

"ఆ కొత్త ఉద్యోగం సంగతి?"

"అదీ అప్పుడే చెప్పాను. మొత్తం చెప్పాను."

"నాకు బాబాయ్ చెప్తే తెలిసింది" అన్నారు. "ఊరందరికీ చెప్పింది, నాకొక్కడికే చెప్పలేదు అనుకున్నా. చెప్పకుండా వెళ్ళే మనిషిని ఆగమని ఏం అడుగుతాంలే అని ఊరుకున్నా."

"అల్లుడూ" అన్నాడు బాబాయ్ మెల్లగా. "దీపం వెలుగుతోందయ్యా. చూసి మాట్లాడు."

"చూశాను బాబాయ్. నా బల్ల మీదా వెలుగుతోంది."

ఆయన ఊపిరి పీల్చుకోవడం వినపడింది. ఆ ఒక్క ఊపిరిలో ఆయన ఏం చెయ్యబోతున్నారో నాకు తెలిసిపోయింది. వద్దని అరుద్దామనుకున్నాను. నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టేశారు.

"నాకు వినపడలేదు" అన్నారు. "ఆ ఒక్కరోజనే కాదు. ఈ హెడ్‌ఫోను తీసేస్తే నాకేదీ సరిగ్గా వినపడదు. కుడిచెవి మొత్తం పోయింది. హాల్లో గంట మోగితే నాకు తెలియదు, గంట పక్కన బల్బు చూసి లేస్తా. ఏటా చెవి పరీక్ష పెడతారు కదా, ఆ నర్సమ్మ మీట నొక్కడం ఎదురుగా కిటికీ అద్దంలో కనపడుతుంది. అది చూసి చెయ్యెత్తుతుంటా."

"ఇబ్బందా అని అడిగావు" అన్నారు మళ్ళీ. "ఇబ్బందే. చాలా ఇబ్బంది. వెళ్ళకు."

ఏడుస్తున్నానని లైను మీద తెలియకూడదని బటను మీంచి వేలు తీసి, కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుని మళ్ళీ నొక్కాను. తర్వాతి మాట నేనే అనాలి. నాకోసం ఇంకెవరూ అనరు.

"బాబాయ్, నింపడం ఆపండి. ఇవాళ్టికి ఇక రన్ లేదు. వాల్వు..." ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. "వాల్వుకి తాళం వేసి, కుర్చీలోంచి లేవండి."

"లేస్తున్నా" అన్నారు. ఎప్పట్లాగే, క్షణం ఆలస్యం లేదు.

కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. ఎర్రదీపం ఆరిపోయింది.

ప్రోబుకి పెట్టిన రబ్బరు టోపీ తీసి, కింది రంధ్రం గొట్టంలో నలుసుందని, శుభ్రం చేసేదాకా వాడొద్దని ఒక చీటీ అంటించి వరండాలోకి వచ్చాను. ఆయన క్యాబిన్ బయట నిలబడి ఉన్నారు, చేతిలో క్యారేజీతో. ఇంతటి మనిషి తరగతి బయట నిలబెట్టిన పిల్లాడిలా ఉన్నారు. పెద్దసారు తన గది గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ చూశారు. ఆయన మొహంలో కోపం ఉందో, లేదో నాకు అర్థం కాలేదు.

"రేపు పొద్దున ఇద్దరూ నా గదికి రండి" అన్నారు. తర్వాత నాతో, "నీ సంగతేమిటమ్మా? వాళ్ళకి ఏం చెప్పమంటావు?" అన్నారు.

"రేపు చెప్తాను సార్" అన్నాను. "ఇంకా ఇంట్లో మాట్లాడుకోలేదు."

గేటు దాటి వీధిలోకి వచ్చాం. దుకాణాల ముందు మోటారు సైకిళ్ళు, హారన్లు, బస్సుల రొద. ఆయన అలవాటుగా నా కుడిపక్కకి మారారు. ఎన్నిసార్లు విసుక్కున్నానో ఆ మారడానికి. నన్ను తన ఎడమచెవి పక్కన పెట్టుకోవడానికి అలా మారుతున్నారని ఇప్పుడు తెలిసింది. నేను ఇంకాస్త దగ్గరగా జరిగి నడిచాను.

"ఇంట్లో మీరు టీవీ అంత గట్టిగా పెడితే అత్తయ్య కోసమనుకున్నాను" అన్నాను.

"అమ్మేమో నీకోసమనుకుంటోంది" అన్నారు. "కోడలికి చెవుడొచ్చిందిరా, పాపం, ఏమీ అనకు అని నాకు చెప్పింది."

నవ్వొచ్చింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. రేపటి నుంచి ఆ క్యాబిన్‌లో ఎవరో ఒకరు కూర్చుంటారు. నేను అడిగితే వాళ్ళ గొంతు జవాబు చెప్తుంది. ఇన్నాళ్ళూ మా కాపురం మొత్తం ఆ ఒక్క 'సిద్ధం' మీదే నిలబడి ఉందని, దాన్ని ఇవాళ నా నోటితోనే తీసేశానని తలుచుకుంటే దుఃఖం ముంచుకొచ్చింది.

"ఇకనుంచి కొళాయి కట్టేసి మాట్లాడతాను" అన్నాను.

"ఇటు తిరిగి మాట్లాడు చాలు."

కూడలి దగ్గర ఆగాం. వాహనాలు ఎడతెగకుండా వస్తున్నాయి. ఎప్పుడూ ఆయనే చూసి దాటిస్తారు. ఇవాళ ఆయన నేలకేసి చూస్తూ నిలబడ్డారు. నేను అటూ ఇటూ చూసి, ఖాళీ దొరికేదాకా ఆగి, ఆయన ఎడమచెవి దగ్గరగా, గొంతు పెంచకుండా అడిగాను.

"సిద్ధమా?"

ఆయన తల ఎత్తలేదు. వినపడలేదేమోననుకున్నాను. మళ్ళీ అడగకుండా ఆగాను.

"సిద్ధం" అన్నారు, కాస్త ఆలస్యంగా.

చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాం.